వెలిగొండల వెంబడి ఆరు రోజులు

మా నాయన ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. మార్కాపురంలో పలకలు ఎత్తుకొని మద్రాసు హార్బరుకు, తిరుగులో ఏది దొరికితే ఆ లోడు. నెల్లూరికి పడమట ఉన్న వెలిగొండలు, వాటి పైన నల్లమల, ఆయనకు మలుపు మలుపూ తెలుసు. ఏ ఎత్తులో రెండో గేరుకు దిగాలో, ఏ ఊళ్ళో అర్ధరాత్రి కూడా టీ దొరికేదో ఇప్పటికీ చెప్తాడు. కానీ రోడ్డు దిగి ఆ కొండల్లోకి ఒక్కసారీ పోలేదంట. "లోడు టయానికి దించాల గదబ్బాయా. కొండ చూస్తా కూర్చుంటే ఓనరు ఊరుకుంటాడా?" అన్నాడు ఒకరోజు అన్నం తింటా. ఆ మాట నన్ను వదల్లేదు.

నెల్లూరులో పుట్టి పెరిగిన మా బోటివాళ్ళకు పడమర పెద్దగా తెలీదు. పెన్న నీళ్ళు, వరి మళ్ళు, రొయ్యల గుంటలు, కాస్త దూరం పోతే సముద్రం. మా చూపంతా తూర్పుకే. పడమటి మండలాలంటే కరువు, వలస, ఎండిన బోర్లు. పేపర్లో చదివి పక్కన పెట్టేదే. నాయనకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు ఇంకా మాట వింటున్నప్పుడే తీసుకుపోవాలని 2025 మార్చిలో బయల్దేరాం. నేను, నాయన, నా బామ్మర్ది. మా పాత కారు, ముగ్గురికి సరిపోయే టెంటు, చిన్న గ్యాసు పొయ్యి, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు. అమ్మ కట్టిన పులిహోర, నిమ్మకాయ ఊరగాయ. నాయన జేబులో ఒక చిన్న నోటుబుక్కు. ట్రిప్పుకు పోయినన్నాళ్ళూ ప్రతి పైసా అందులో రాసేవాడు, ఇప్పుడూ రాస్తానన్నాడు. ఈ కథనంలో ఖర్చులన్నీ ఆ బుక్కులోవే.

మార్చి 26, బుధవారం: పెంచలకోన

పొదలకూరు దాటుతుంటే రోడ్డు పక్క లారీల్లోకి నిమ్మకాయల బస్తాలు ఎక్కుతున్నాయి. ఎండలు ముదిరేకొద్దీ నిమ్మ రేటు ఎగబాకుతుంది. అదే కాయకు వానాకాలంలో కోత కూలి కూడా రాదు. నాయన ఆపమని దిగి, ఒక కాయ గోటితో గీరి వాసన చూసి, రెండు కిలోలు బేరం చేశాడు. 180 రూపాయలు, నోటుబుక్కులో మొదటి పద్దు.

రాపూరు దాటాక కొండలు దగ్గరికి వచ్చేస్తాయి. కొండ గోగు చెట్లకు ఒక్క ఆకు లేదు, బోడి కొమ్మల చివర పసుపు పూలు మాత్రం ఉన్నాయి. వాటి కింద ఎర్రగా మోదుగ. ఇన్నేళ్ళు ఈ కాలంలో ఈ రోడ్డున వచ్చాడు కదా, చూసి ఉంటాడనుకున్నా. "రాత్రిళ్ళు వచ్చేవాణ్ణిరా" అన్నాడు నాయన. ఇంకేం అడగలేకపోయాను.

హిరణ్యకశిపుణ్ణి చంపినా ఉగ్రం తగ్గక నరసింహస్వామి ఈ అడవుల్లో తిరుగుతుంటే చెంచులక్ష్మి కనబడిందని, ఆమెను పెనవేసుకొని ఇక్కడ శిలగా వెలిశాడని కథ. పెనుశిల కాస్తా వాడుకలో పెంచల అయింది. మా వైపు ఏ వీధికి పోయినా ఒక పెంచలయ్యో పెంచలమ్మో ఉంటారంటే ఈ స్వామి వల్లే. దర్శనం చేసుకొని కోనలోకి నడిచాం. జలపాతం ఈ రోజుల్లో సన్నటి ధార, రాళ్ళ మధ్య మోకాలి లోతు మడుగులు. నీళ్ళు మాత్రం ఒళ్ళు జలదరించేంత చల్లన. నాయన పంచె ఎగ్గట్టి మడుగులో నిలబడి అరగంట దాకా బయటికి రాలేదు. ఆలోపు ఒక కోతి సంచీ విప్పి ఊరగాయ సీసా పట్టుకొని చెట్టెక్కింది. మూత తియ్యలేక పైనుంచి వదిలేసింది. అమ్మకు ఏం చెప్పాలో ఆ రాత్రంతా ఆలోచించాం.

అక్కడే ఎక్కడో టెంటు వేద్దామనుకున్నాం. అటవీ శాఖ ఉద్యోగి ఒకాయన వచ్చి, ఇది అభయారణ్యం, లోపల పడుకోనివ్వం అన్నాడు. కసురుకోలేదు. కింద గోనుపల్లి వైపు నిమ్మతోటలున్నాయి, అడిగితే కాదనరని దారి కూడా చూపించాడు. మూడో తోట దగ్గర ఒక రైతు ఒప్పుకున్నాడు. మా పేర్లు, కులం, ఊరు ఏమీ అడగలేదు. మొదటి మాటే, "నీళ్ళు తెచ్చుకున్నారా?"

ఆ ప్రశ్న ఆ ఆరు రోజుల్లో ఎన్నిసార్లు విన్నామో. మా నెల్లూరులో ఇంటికొచ్చినవాణ్ణి తిన్నావా అని అడుగుతాం. ఇక్కడ ముందు నీళ్ళు, తర్వాతే అన్నం.

అన్నమూ వాళ్ళే పెట్టారు. చింతచిగురు, ఎండురొయ్యల కూర, వేడి సంకటి. డబ్బు ఇవ్వబోతే రైతు ఇల్లాలు, "మీ ఇంటికొస్తే మేమూ ఇయ్యాల్నా అన్నా?" అంది. రాత్రి నిమ్మపూత వాసన గాలి తిరిగినప్పుడల్లా వచ్చి పోయేది. పడుకునే ముందు రైతు వచ్చి ఒక మాట చెప్పి పోయాడు. "రాత్రి లేచి బయటికి పోవాల్నంటే లైటేసి గట్టిగా దగ్గండి. ఎలుగ్గొడ్డు తిరుగుద్ది." బామ్మర్ది తెల్లారిందాకా బయటికి పోలేదు.

మార్చి 27, గురువారం: సోమశిల, ఉదయగిరి

కలువాయి మీదుగా సోమశిల. పెన్న ఈ కొండల్ని కోసుకొని బయటికొచ్చే చోట కట్టిన ఆనకట్ట, 78 టీఎంసీల జలాశయం. ఇక్కడి నీళ్ళే కండలేరుకు పోతాయి, అక్కణ్ణించి తెలుగుగంగ కాలువలో చెన్నై దాకా. మా నెల్లూరు వరి మళ్ళు నిండేదీ దీంతోనే. కట్ట మీద నిలబడి నీళ్ళ వంక చూస్తే ఒక్కటే అనిపించింది. మేం తినే ప్రతి ముద్దా ఈ కొండల సందులోంచి వస్తుంటే, ఈ కొండల పేర్లు కూడా మాకు తెలీవు.

కట్ట కింద ఒక పాకలో చేపల పులుసు అన్నం, మనిషికి 150. వండినామె పులుసులో మామిడికాయ ముక్క వేసింది, ముందురోజు రాత్రి కాచి ఉంచింది. నెల్లూరు చేపల పులుసు మరునాడే తినాలని తెలిసిన చెయ్యి. నాయన మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆత్మకూరు మీదుగా ఉదయగిరి చేరేసరికి మూడున్నర. ఊరి వెనకే దుర్గం, గోడ కట్టినట్టు నిలువుగా ఉంది. రంజాన్ నెల, ఉపవాసాలు. బజారు సద్దు లేకుండా ఉంది. కొయ్య చెంచాలు చేసే వీధి ఎక్కడని అడిగితే ఒక పిల్లాడు సైకిలు మీద ముందు నడిచాడు.

ఈ చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, విదేశాలకూ పోతాయి. అయితే చేసేది మాత్రం ఇంటి వరండాలోనే. మేం పోయిన ఇంట్లో ఒక పెద్దాయన గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు, రెండు పాదాల మధ్య నర్ది కర్ర ముక్క. తెల్లటి చెక్క, పాలు పోసినట్టు. బాడిశతో నాలుగు దెబ్బలు వేస్తే చెంచా ఆకారం వచ్చింది. ఆ తర్వాత ఉలి మొన గిన్నె భాగంలోకి దిగి గుండ్రంగా తిరిగేది, ఒక్కో తిప్పుకు ఉల్లిపొర లాంటి చెక్కు చుట్టుకొని పైకి లేచేది. మధ్యమధ్యలో గిన్నెలో బొటనవేలు పెట్టి తిప్పి చూసేవాడు. కంటితో చూడటం చాలా తక్కువ. వేలికే తెలుస్తుంది ఎక్కడ మందం మిగిలిందో. ఆకురాయి, తర్వాత గరుకు కాగితం. పొద్దుట్నుంచి ఆ మనిషి గుటక నీళ్ళు తాగలేదు, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటున్నాడు.

ఆయన నాయన కన్నా మూడేళ్ళు చిన్న. ఇద్దరూ మాటల్లో పడ్డారు. కొండ మీద ఈ చెట్లు తగ్గుతున్నాయని, కర్ర తేవడానికి అడవి వాళ్ళ అనుమతి కావాలని, పిల్లలు బెంగళూరు పోయారని. "ఈ పని చేసేదానికి నడుం కావాల, ఓపిక కావాల. ఫోన్లు పట్టుకున్నోళ్ళకి రెండూ ఉండవు" అన్నాడు. నేను చేప ఆకారం పిడి ఉన్న ఫోర్కు రెండు, గరిటెలు నాలుగు, చెంచాలు ఆరు తీసుకున్నా. మొత్తం 640. బేరమాడబోయిన బామ్మర్దిని నాయన ఒక్క చూపు చూశాడు.

లేవబోతుంటే ఇఫ్తార్‌కు ఉండి పొమ్మన్నారు. ఆ రోజు ఇరవై ఏడో రాత్రి, వాళ్ళకు పెద్ద రాత్రి. సైరన్ మోగగానే ఖర్జూరం, ఆ తర్వాత మంచినీళ్ళు. పద్నాలుగు గంటల తర్వాత ఆ పెద్దాయన తాగిన మొదటి గ్లాసు నీళ్ళు. నేను పక్కనే కూర్చున్నా. ఒక్క గుక్కలో తాగలేదు, మూడు గుక్కలుగా, ఆగి ఆగి తాగాడు. తర్వాత వేడివేడి గంజి, సమోసాలు, పుచ్చకాయ. ఊరంతా తెల్లారిందాకా మేలుకొని ఉంది, మసీదుల చుట్టూ దీపాలు. వాళ్ళ మిద్దె మీదే టెంటు లేకుండా పడుకున్నాం.

మార్చి 28, శుక్రవారం: దుర్గం, ఘటిక సిద్ధేశ్వరం

సహరీకి, అంటే ఉపవాసం ముందు తెల్లవారుజామున తినేదానికి, లేచినవాళ్ళే మమ్మల్నీ లేపారు. ఐదింటికి కొండ మొదలుపెట్టాం, నేనూ బామ్మర్దీ. నాయన కింద ఉండిపోయాడు. తలా మూడు లీటర్ల నీళ్ళు పెట్టుకున్నాం. ఆ పెద్దాయన కొడుకు, "ఆరు తీసకపోండి అన్నా" అన్నాడు. వినాల్సింది.

ఉదయగిరి దుర్గం 3,079 అడుగులు. మెట్లు కొంతవరకే, ఆ పైన రాళ్ళు. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఒరిస్సా గజపతి రాజుల మీదికి వచ్చి ఏడాదిన్నర దాకా దీన్ని ముట్టడించాడు. కొండ ఎక్కడానికి దారి లేక బండలు పగలగొట్టించాడంటారు. ఆ బండల మధ్య నాలుగు కాళ్ళ మీద పాకుతుంటే ఏడాదిన్నర ఎందుకు పట్టిందో నాకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేకపోయింది. గెలిచాక ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి దానికోసమే గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. చిన్నప్పుడు బడి నుంచి ఆ మ్యూజియంకు పోయాను, మా జిల్లా దేవుడని ఎవరూ చెప్పలేదు.

పైన కోట గోడలు, మసీదు, నీటి గుంటలు. ఒక గుంటలో పచ్చగా పాచిపట్టిన నీళ్ళు, గట్టున ఏవో జంతువుల అడుగులు. గాలి చెవుల్లో హోరుమంటోంది. తూర్పున ఎక్కడో మసకగా మా మైదానం, పడమట కొండ వెనక కొండ. ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంది. దిగేటప్పుడు సగం దారిలో నీళ్ళు అయిపోయాయి. బామ్మర్దికి కాళ్ళు తిమ్మిరెక్కి ఒక బండ నీడన కూలబడ్డాడు. "బావా, నేనింక దిగలేను" అన్నాడు పెదాలు తడుపుకుంటా. మేకలు తోలుకొచ్చిన ఒక ముసలమ్మ చూసింది. నడుముకు కట్టిన సీసా విప్పి ఇచ్చింది. లీటరు సీసాలో సగమే ఉంది. "తాగు నాయనా, నాకు అలవాటే" అంది. మేం తాగాం. ఆమెకు సాయంత్రం దాకా మిగిలింది రెండు గుక్కలు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు అడ్డం పడుతుంది.

కిందికొచ్చి జుమ్మా నమాజు జనంలోంచి కారు తీసి సీతారామపురం దారి పట్టాం. ఘటిక సిద్ధేశ్వరంలో కాశినాయన ఆశ్రమం అన్నదానం ఉంటుందని నాయనకు లారీ రోజుల నుంచి తెలుసు. అవధూత కాశినాయన పుట్టింది ఈ మండలంలోని బెడుసుపల్లిలోనే. పాడుపడిన గుళ్ళు బాగుచేయడం, వచ్చినవాడికి అన్నం పెట్టడం, ఈ రెండే ఆయన చేసిన పని. రెండున్నరకు చేరాం, వంట అయిపోయి ఉంటుందనుకున్నాం. విస్తరి ముందు కూర్చోమని చెప్పి, ముందు రాగి చెంబుతో నీళ్ళు తెచ్చారు. తర్వాత అన్నం, పప్పు, వంకాయ కూర, మజ్జిగ. కోన మధ్య, చెట్ల కింద, ఎవరో తెలియని మనిషి ఇంకో ముద్ద వేసుకోమని బతిమాలుతుంటే తినడం ఎట్లా ఉంటుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. హుండీలో నాయన 500 వేశాడు. నోటుబుక్కులో ఆ పద్దు రాయలేదు. ఎందుకని అడిగితే, "అది ఖర్చు కాదు" అన్నాడు.

చీకటి పడేసరికి భైరవకోన. మేం పోయినప్పటికి ఇక్కడినుంచి ప్రకాశం జిల్లా. కొండ కింద ఖాళీ జాగాలో మాలాగే వచ్చిన నాలుగైదు కుటుంబాలు పొయ్యిలు వెలిగించుకున్నాయి, మేమూ వాళ్ళ పక్కనే టెంటు వేశాం. మరునాడు అమావాస్య కాబట్టి చంద్రుడు లేడు. కోన మీది సందులోంచి కనబడే ఆకాశం నిండా చుక్కలే. లారీలో రాత్రిళ్ళు నడిచినప్పుడు నాయన చూసింది హెడ్‌లైటు వెలుగు పడినంత మేరే. ఇప్పుడు చాప మీద వెల్లకిలా పడుకొని, "సప్తర్షులు ఎక్కడున్నారురా?" అని అడిగాడు. నాకూ సరిగ్గా తెలీదు. పక్క పొయ్యి దగ్గరి ముసలాయన లేచొచ్చి వేలు పెట్టి చూపించాడు.

మార్చి 29, శనివారం: భైరవకోన నుంచి కంభం

కొత్త అమావాస్య. ఐదింటికే గుడి గంటలు. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తరం. స్తంభాల కింద కూర్చున్న సింహాలు చూస్తే పల్లవుల పనితనం తెలిసిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఉలి గాట్లు. ద్వారం పక్క ఒకచోట నున్నగా చేయకుండా వదిలేసిన రాయి ఉంది. వేలు పెట్టి చూస్తే ఒక్కో దెబ్బా తగులుతుంది, ఎడమ నుంచి కుడికి ఒకే వాలు. మొన్న ఉదయగిరిలో చెంచా గిన్నెలో బొటనవేలు తిప్పిన పెద్దాయన గుర్తొచ్చాడు. నాయన కూడా అక్కడే చెయ్యి పెట్టి నిలబడ్డాడు. కార్తీక పౌర్ణమి నాడు వెన్నెల వచ్చి అమ్మవారి మీద పడుతుందట. అప్పుడొస్తే కాలు పెట్టే సందు ఉండదని పూజారి చెప్పాడు.

జలపాతం ఈ కాలంలోనూ పడుతోంది, జల్లుగా. దాని కింద నిలబడి స్నానం చేశాం. క్యాన్లు రెండూ నింపుకున్నాం.

పామూరులో ఇడ్లీ, ముగ్గురికి 110. కనిగిరి దాటి హనుమంతునిపాడు వైపు తిరిగాక దారి తప్పాం. ఫోను చూపించిన రోడ్డు కాస్తా బండిబాట అయి, ఒక వాగు ఇసుకలో ఆగిపోయింది. నాయన అప్పటికే రెండుసార్లు, ఇది కాదురా ఘాటు దారి, తారు పోయిందంటే ఊరు పోయినట్టే అన్నాడు. లారీ డ్రైవరు మాట వినకుండా ఫోను మాట విన్నందుకు చక్రం ఇసుకలో దిగబడింది.

కాపాడింది ఒక గొర్రెల కాపరి. పొడుగు కాళ్ళ, తెల్లటి నెల్లూరు జాతి గొర్రెలు నూటికి పైగా ఉన్నాయి. కర్ర పక్కన పడేసి, తుమ్మ కంపలు విరిచి చక్రాల కింద పరిచి, బామ్మర్దితో కలిసి నెట్టాడు. కారు కదిలింది. డబ్బు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపి, "నీళ్ళుంటే పొయ్యండి" అన్నాడు. భైరవకోన నీళ్ళని చెప్పగానే దోసిలి పట్టి తాగి, తల మీద చల్లుకున్నాడు. తాగి నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు చారలు. నలభై ఏళ్ళ మనిషి, నడుం వంగి ఉంది. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్ళలో ఫ్లోరైడు. చిన్నప్పట్నుంచి తాగితే ముందు పళ్ళు, తర్వాత ఎముకలు. మార్కాపురం, కనిగిరి వైపు శ్రీశైలం నీళ్ళు తేవడానికి వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. నల్లమల కింద నుంచి సొరంగాలు తవ్వారు. నీళ్ళెప్పుడొస్తాయని ఆయన్ని అడిగా. "మా నాయన కూడా ఇదే అడుగుతా పోయినాడన్నా" అన్నాడు. ఒక క్యాను మొత్తం ఆయన బిందెలో, సీసాల్లో పోసి వచ్చాం. కోపంగా ఉంది నాకు, ఇప్పటికీ. ఇంత దగ్గర కొండల్లో ఇంత మంచి నీళ్ళుండి, ఈ మనిషి నడుం ఎందుకు వంగాలి?

వేములపాడు ఘాటు ఎక్కుతుంటే స్టీరింగు నాయన తీసుకున్నాడు. పదేళ్ళ తర్వాత. ప్రతి మలుపుకూ ముందు హారన్, మలుపు మధ్యలో మాట ఉండదు. పైన మోదుగ చెట్టు కింద బండి ఆపి దిగి, రాలిన పూలు రెండు ఏరి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు.

సాయంత్రానికి కంభం చెరువు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు, జంపలేరుకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన కట్ట. రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. 57 అడుగుల ఎత్తు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఎన్ని గుర్తింపులొచ్చినా అక్కడి రైతు అడిగేది ఒక్కటే, ఈ ఏడు నిండుతుందా అని. మేం పోయినప్పుడు నీళ్ళు లోపలికి జరిగి ఉన్నాయి. సూర్యుడు కొండ వెనక్కి దిగేటప్పుడు చెరువంతా రాగి పళ్ళెం. తెప్పల మీద వచ్చిన జాలర్ల దగ్గర కిలో చేప 160కి కొని, కట్ట దిగువన ఒక కళ్ళంలో అడిగి టెంటు వేసి, చేపలు కాల్చుకున్నాం. ఉప్పు, కారం, మా పొదలకూరు నిమ్మకాయ. అంతే.

మార్చి 30, ఆదివారం: ఉగాది, గిద్దలూరు దారి

విశ్వావసు నామ సంవత్సరం మాకు ఆ కళ్ళంలోనే వచ్చింది. రైతు ఇల్లాలు పొద్దున్నే గిన్నె పట్టుకొని వచ్చి, "పండగ పూట ఉత్త కడుపుతో పోకూడదు" అని ఉగాది పచ్చడి పెట్టింది. వేపపూత అప్పుడే దూసింది, నాలుక మీద ఇంకా పచ్చి వాసన. నాయన నోటుబుక్కులో ఆ రోజు పేజీ పైన పసుపు చుక్క పెట్టాడు.

రాచర్ల వైపు నెమలిగుండ్ల రంగనాయకస్వామి కోన ఉంది, నల్లమల అంచున గుండ్లకమ్మ మడుగు పక్కన. అక్కడికి పోదామని నాయన రెండు రోజులుగా అంటున్నాడు. రాచర్లలో టీ తాగుతూ దారి అడిగితే ఒకాయన, "ఈ పొద్దు ఆదివారం గదా సామీ, తలుపు తీసేది శనివారమే" అన్నాడు. ఒక్క రోజు తేడా. నాయన ముఖం చిన్నబోయింది, కానీ ఏమీ అనలేదు. ఆ టీ కొట్టాయనే సత్యవోలు గుళ్ళు చూసి పొమ్మన్నాడు. చాళుక్యుల నాటి రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయాలు. పొలాల మధ్య చిన్నగా, ముద్దుగా ఉన్నాయి. మేం పోయేసరికి ఎవరూ లేరు. గోపురం నీడలో ఒక కుక్క, రెండు పిల్లలు. గంటసేపు కూర్చున్నాం.

గిద్దలూరులో పండగకు హోటళ్ళన్నీ మూత. బస్టాండు దగ్గర ఒకే ఒక్క బండి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానబెట్టిన బొరుగుల్లో పుట్నాల పొడి, ఉల్లిపాయ, నిమ్మరసం. ప్లేటు 40. బండామె మా యాస విని నెల్లూరోళ్ళా అని, ఇంటి నుంచి తెచ్చుకున్న బక్షాలు తలా ఒకటి పెట్టింది. మేం బొబ్బట్లంటాం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఈ గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాలోవి. కనిగిరి, కందుకూరు మా నెల్లూరువి. అందుకే పొద్దున కనిగిరిలో "అన్నా" అన్నవాళ్ళు సాయంత్రానికి ఇక్కడ "సామీ" అవుతారు.

దిగువమెట్ట దాకా పోయి నల్లమల ఘాటు మొదట్లో ఇప్ప చెట్ల కింద ఆగాం. రాలిన ఇప్పపూలు ఏరుతున్న ఇద్దరు ఆడవాళ్ళు మాకు గుప్పెడు ఇచ్చారు. బెల్లం పాకంలో ముంచిన ద్రాక్షలా ఉంటాయి, తిన్నాక నోరంతా మత్తు వాసన. అడవిలో రాత్రి ఉండే వీల్లేదు. పొద్దు వాలకముందే మార్కాపురం చేరి లాడ్జిలో పడుకున్నాం. రూము 900, పరుపు కింద నల్లులు. టెంటే నయమనిపించింది.

మార్చి 31, సోమవారం: మార్కాపురం, ఇంటికి

రంజాన్ పండగ. కొత్త బట్టలు వేసుకున్న పిల్లలు రోడ్ల నిండా. పలకల కార్ఖానాలు చాలావరకు మూసి ఉన్నాయి. ఒకటి తెరిచి ఉంటే నాయన గేటు దగ్గర నిలబడి తన పాత లారీ నంబరు చెప్పాడు. కాపలా ఉన్న ముసలాయన ఒక్క క్షణం చూసి, గేటు బార్లా తీశాడు. నలభై ఏళ్ళ కిందట ఆ లారీకి పలకలు ఎక్కించిన హమాలీల్లో ఆయనా ఒకడట. ఇద్దరూ చేతులు పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

రాయి పొరలు విడదీయడం ఆయనే చేసి చూపించాడు. పుస్తకం మందాన రాతి పలక నిలబెట్టి, అంచున సన్నటి ఉలి పెట్టి మెల్లగా తడతాడు. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో లోపల సన్నగా చిటుక్కుమని, రాయి పేజీలా విచ్చుకుంటుంది. లోపలి ముఖం ఇంతవరకూ వెలుతురు చూడనిది, కాస్త తడిగా, నల్లగా మెరుస్తుంది. నాయన దాన్ని చెవి దగ్గర పెట్టి వేలి కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. "ఇట్టా మోగితేనే ఎక్కించేవాళ్ళం. బద్దగా మోగితే లోపల చీలిక ఉన్నట్టే. మద్రాసు పోయేలోపు విరుగుద్ది." బడిపిల్లలు పలక మానేశాక ఇప్పుడు ఎక్కువగా పోయేవి గోడలకు, నేలకు వేసే రాళ్ళు. చెక్క చట్రం కట్టిన రాత పలకలు ఇంకా కొన్ని చేస్తున్నారు. నా కూతురికి ఒకటి తీసుకున్నాం, ఒక పెట్టె బలపాలతో. డబ్బు తీసుకోమని ఎంత చెప్పినా ఆయన వినలేదు.

పొదిలి, కనిగిరి మీదుగా రాత్రికి ఇల్లు చేరాం. మొత్తం 760 కిలోమీటర్లు, పెట్రోలు 5,600, తిండికీ చిల్లరకీ 3,900. అమ్మ ముందు ఊరగాయ సీసా సంగతే అడిగింది.

తెల్లారి నాయన నోటుబుక్కు మంచం మీద తెరిచి ఉంటే చూశాను. లెక్కలన్నీ కూడి కింద గీత గీశాడు. తర్వాతి పేజీలో తేదీ లేదు. పైన "శనివారం, నెమలిగుండ్ల" అని ఉంది, దాని కింద "నీళ్ళ క్యాన్లు 4".